ఎదురురేకు మీద పూత

తేదీ: ఫిబ్రవరి 22, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వు, మరదలు, నాన్న కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో మొదటి వాక్యం చెప్పింది, సంతోషం. ఆ ఒక్క వాక్యం తప్ప మిగతా ఉత్తరంలో నమ్మదగ్గది నాకేమీ దొరకలేదు.

ముందు నీ కాగితం సంగతి చెప్పాలి. పైన రంగుల ముద్ర, కింద మేనేజింగ్ డైరెక్టర్ అని బంగారు అక్షరాలు. నాన్న నడిపినన్నాళ్ళూ మన పూతల షెడ్డుకి బోర్డు కూడా లేదు. పని కావలసినవాళ్ళు అడ్రసు కనుక్కుని వచ్చేవాళ్ళు. ఒక తొట్టి, ఒక కొలిమి, వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది మనుషులు. వాళ్ళమీద ఒక డైరెక్టరు, అదీ మేనేజింగు! నేను ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాను. కాగితం మాత్రం మంచిదే.

నువ్వు రాసింది నీకే ఒకసారి అప్పజెబుతాను, విను. పోయిన వారం మళ్ళీ తొట్టి గుణం తిరగబడిందన్నావు. వస్తువులన్నీ బోడిగా బయటికొచ్చాయి, పొడంతా పోయి ఎదురురేకుకి అంటుకుంది అన్నావు. ఇలా తిప్పడం తెలిసింది నాకొక్కదానికేనన్నావు. నేను ఊరు విడిచి నెలలు గడిచాయి కాబట్టి, నా తరఫున షెడ్డులో కొక్కేల పిన్ని ఈ పని చేస్తోందని నువ్వూ మరదలూ కూర్చుని తేల్చారు. సాక్ష్యం ఏమిటంటే, పిన్ని ఫోన్లో నాతో గుసగుసలాడటం మరదలు చెవిన పడింది. ఈ నెలాఖరుకి పిన్నిని పనిలోంచి తీసేస్తున్నావు. తొట్టి గది తాళం ఇకమీదట నాన్న ఒక్కరి దగ్గరే ఉంటుంది. నేను పెద్దమనసు చేసుకుని, ఏం కలిపిస్తున్నానో, దానికి విరుగుడేమిటో రాసి పంపితే నువ్వు జరిగిందంతా మరిచిపోతావు. ఇంతేగా?

నాయనా, నేనుండేది చెప్పులు కుట్టే షాపు మీద ఒక గదిలో. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. కుళాయిలో పొద్దున కాసేపు సన్నటి ధార వస్తుంది, ఆపైన గాలి వస్తుంది. ఇక్కడ కూర్చుని అంత దూరంలో ఉన్న నీ తొట్టిని తిప్పగలిగే శక్తే నాకుంటే, ముందు ఈ కుళాయి తిప్పుకునేదాన్ని.

ఎద్దు ఈనిందని ఒకరంటే దూడని కట్టెయ్యమని ఇంకొకరన్నారట. మీ ఇంట్లో ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు. బాగా కుదిరారు.

తొట్టి ఎందుకు తిరగబడుతుందో నీకు అ ఆ ల నుంచి చెప్పాల్సి రావడం నాకు సిగ్గుగా ఉంది. నేను చదివిన చదువే నువ్వూ చదివావు. అదే కాలేజీ, అదే ముసలి మాస్టారు. కాకపోతే నేను బెంచీ మీద కూర్చుని చదివాను, నువ్వు బెంచీ మీద నిలబడి చదివావు. సరే, రాసుకో. స్పిరిట్‌లో తెల్లపొడి వేసి కలుపుతాం. పిండికన్నా మెత్తటి పొడి అది. అందులో కాసిని యాసిడ్ చుక్కలు పడితే పొడి రేణువులన్నిటికీ ప్లస్ కరెంటు గుణం అంటుకుంటుంది. వస్తువుని మైనస్ తీగకి కట్టి ముంచుతాం. దాని ఎదురుగా స్టీలు రేకు, ప్లస్ తీగకి. మీట వెయ్యగానే పొడంతా వస్తువు వైపు నడిచి వెళ్ళి, మూలమూలలకీ సమానంగా అంటుకుంటుంది. బ్రష్షుతో ఏ మహానుభావుడూ అలా వెయ్యలేడు. తీసి, నిదానంగా ఆరబెట్టి, కొలిమిలో కాలిస్తే పింగాణీలా గట్టిపడుతుంది. యాసిడ్ ఉండాల్సిన చోట క్షారం పడిందనుకో, రేణువుల గుణం మారిపోతుంది. అప్పుడవి వస్తువుకి వీపు చూపించి ఎదురురేకు దగ్గరికి పోతాయి. ఇందులో మంత్రం లేదు, నా కుట్ర అంతకన్నా లేదు.

అంతమాత్రాన పొడిని చిన్నచూపు చూడకు. దానికి నిదానం కావాలి. నీకేమో పుట్టుకతోనే కంగారు. పూత త్వరగా పడాలని కరెంటు పెంచేస్తావు, అది గరుకుగా పొక్కులు పొక్కులుగా పడుతుంది. త్వరగా ఆరాలని ఫ్యాను పెట్టేస్తావు, చలికాలం పెదవిలా పగులుతుంది. తర్వాత పొడి మంచిది కాదంటావు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఎవరికోసమో పుట్టిందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇంట్లోనే ఉన్నావు.

ఇక ఆ సెంటు. తొట్టి గదిలో ముక్కే పరికరమని నాన్న చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. తొట్టి పుల్లగా ఉందో ఘాటుగా ఉందో వాసనే చెప్పాలి. నువ్వు ఆ గదిలోకి పెళ్ళికొడుకులా ఘుమఘుమలాడుతూ వస్తావు. ఆపైన ముక్కులో ఆ చుక్కల మందు. నీ పక్కన గాడిద చచ్చి పడున్నా నీకు మల్లెపూలే.

కొలిమిల కంపెనీ వాళ్ళు వచ్చిన రోజు గురించి నువ్వు మళ్ళీ ఎత్తావు కాబట్టి నేనూ ఎత్తుతాను. ఆ పొద్దున నేను నీ గదికొచ్చి ఏం చెప్పానో గుర్తుందా? ఇవాళ తొట్టి బాగాలేదు, వాళ్ళని రేపు రమ్మను అని చెప్పాను. నువ్వు టై కట్టుకుంటూ అద్దంలోంచే సమాధానం చెప్పావు, నువ్వు పైకి రావడం నాకు కంటగింపుగా ఉందని. పోనీ, రేకుముక్క ఒకటి ముంచి చూడమన్నాను. మన షెడ్డులో ఏ పూటైనా మొదటి పని అదేగా. వేలెడంత రేకుముక్క ముంచి, మీట వేసి, తీసి చూస్తాం. పూత పడితే పని మొదలు, లేకపోతే లేదు. చేతిలో టీ చల్లారేలోపు అయిపోయే పని. వచ్చిన పెద్దమనుషుల ముందు పిల్లచేష్టలా ఉంటుందని అదీ వద్దన్నావు.

వాళ్ళని తొట్టి చుట్టూ కుర్చీల్లో కూర్చోబెట్టావు. ఖరీదైన మాటలు చాలా చెప్పావు. కొలిమిలో పెట్టే వాళ్ళ గొట్టాన్ని ముంచి, మీట నీ చేత్తోనే వేశావు. తీరా పైకి లేపితే గొట్టం మంగలి దగ్గర్నుంచి వచ్చిన గుండులా మెరుస్తోంది. ఎదురురేకు మీద మాత్రం పూత ఎంత అందంగా పడిందో! ఒక్క పొక్కు లేదు, ఒక్క బీట లేదు. నీ హయాంలో అంత మంచి పూత అదే మొదటిది. ఆ కంపెనీ పెద్దాయన తల పక్కకి వంచి చూసి, మీరు అమ్మేది ఆ రేకునా అని అడిగాడు. అందరూ నవ్వారు. పిన్ని కొంగు అడ్డం పెట్టుకుంది, అదీ నువ్వు చూశావు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకని ఊరికే అన్నారా? నీకు పోయిన ఆర్డరు కన్నా ఆ కొంగే ఎక్కువ గుచ్చుకుంది. ఇవాళ ఆమె మీద పడుతున్న కత్తి ఆ రోజే నూరుకున్నావని నాకు తెలుసు.

మర్నాడు వంటింట్లో నువ్వు పెట్టిన పంచాయితీ కూడా బాగానే గుర్తుంది. నా బల్ల సొరుగులో అమోనియా సీసా దొరికిందని తెచ్చి, భోజనాల బల్ల మీద టక్కున పెట్టావు. గాజుపాత్రలు కడిగే క్షారం సీసా నీ సొరుగులోకి ఎలా నడిచొచ్చింది అని అడిగావు. తొట్టి బాగాలేదని నీకు ముందే ఎలా తెలిసిందని అడిగావు. మరదలు పప్పులో ఉప్పు చూస్తున్నట్టు నా మొహం చూస్తోంది. నాన్న ఓ పక్కన కూర్చుని అరిటిపండు తొక్క తీస్తున్నారు. నేను ఇంకొక్క ప్రశ్న పడనివ్వకుండా, అవును, నేనే పోశాను అన్నాను.

ఎంత తేలిగ్గా నమ్మావురా! ఎందుకు పోశావని కూడా అడగలేదు. నాకు కుళ్ళు అని నీకు ముందే తెలుసు కాబట్టి అడగాల్సిన అవసరం రాలేదు. చిన్నప్పుడు నీ జ్వరానికి తడిగుడ్డ వేసిన చేతులు, నీ పరీక్షలకి నోట్సు రాసిపెట్టిన చేతులు, అవే చేతులు నీ తొట్టిలో విషం పోస్తాయని ఒక్క సీసా చూసి నిర్ణయించేశావు. సంచీ సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, ఇంత చేసినా నీమీద కేసు పెట్టట్లేదు చూడు అన్నావు. ఆ ఔదార్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. ఆ రోజు బస్సులో మాత్రం నవ్వు రాలేదు. ఏడ్చాను. ఇది నీ జాలి కోసం రాయట్లేదు, రికార్డు కోసం రాస్తున్నాను.

ఇక్కడ నేను పెంకుల ఫ్యాక్టరీలో పగిలిన పెంకులు ఎందుకు పగిలాయో చూసి చెప్పే ఉద్యోగం చేస్తున్నాను. మా పై అధికారి నీకు కవల సోదరుడు. పెంకు పగిలితే పెంకుదే తప్పంటాడు. నువ్వు గుర్తొస్తూ ఉంటావు, అందుకని ఇల్లు విడిచినట్టే లేదు.

సరే, అసలు విషయానికి వస్తాను. కొక్కేల పిన్ని. మనకి వరస కలిసే పిన్ని కాదు, వస్తువులు జారిపోకుండా తీగ కొక్కేలు వంచి తగిలిస్తుంది కాబట్టి ఆ పేరు. నీకు నడక రానప్పుడు నిన్ను చంకనేసుకుని కొక్కేలు వంచింది. ఆవిడకి మోకాళ్ళు పోయాయి. కూతురు చదువుకుంటోంది. ఈ వయసులో ఈ పని తెలిసినవాళ్ళకి ఇంకోచోట పనెక్కడుంది? అత్తమీద కోపం దుత్తమీద చూపించినట్టు, నామీది కసి ఆవిడమీద తీర్చుకోకు. ఆవిడ నాతో గుసగుసలాడిన మాట నిజం. దేని గురించో నీకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. అది నీ తొట్టిలో ఏదో పోయడం గురించి మాత్రం కాదు. ఆవిడ చెయ్యి ఆ తొట్టిని తాకలేదు, తాకదు.

పోయిన వారం కూడా రేకుముక్క ముంచకుండానే పని మొదలుపెట్టావు కదూ? నువ్వు రాయలేదు, నేనే చెబుతున్నాను. ముంచి ఉంటే వస్తువులు పాడయ్యేవి కావు. అంత పెద్ద దెబ్బ తిన్నాక కూడా వేలెడంత రేకు ముంచడానికి నామోషీ పడే మనిషికి, శత్రువులు బయట నుంచి రావాలా?

తొట్టి గది నాన్నకి అప్పజెప్పి చాలా తెలివైన పని చేశాననుకుంటున్నావు. నాన్న సంబరపడి ఉంటారు. నిజంగా సంబరపడి ఉంటారు. ఎనామిల్ గిన్నెల ఫ్యాక్టరీలో తను కుర్రాడిగా ఉన్నప్పటి కబుర్లు మళ్ళీ మొదలుపెట్టి ఉంటారు. అక్కడ అంతా మనకి తలకిందులు, గిన్నెని ప్లస్‌కి కట్టేవాళ్ళం, తొట్టిలో క్షారం పోసేవాళ్ళం, మా చెల్లాయి గిన్నెలు పేర్చేది అని. నువ్వు ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టి ఉంటావు. మేనత్త పోయాక ఆ కబుర్లు వినడానికి నేనొక్కదాన్నే మిగిలాను, నన్నేమో నువ్వు పంపించేశావు.

విరుగుడు అడిగావు. దానికి విరుగుడు లేదు. ఉన్నది పారబోసి, తొట్టి కడిగి, కొత్తగా కలుపుకో. పిన్నిని పనిలో ఉంచు. ఈ రెండూ చేశాక నీకు జవాబు రాయాలనిపిస్తే రాయి. మామూలు కాగితం మీద రాయి.

ఇట్లు,
నీ శత్రువుగా నువ్వు నియమించుకున్న
అక్క

తా.క. — ఉత్తరం మడిచి కవరులో పెట్టాను, అతికించలేకపోయాను. మళ్ళీ తీశాను. పై పేజీల్లో నిన్ను తిట్టడానికి చూపిన ధైర్యం ఈ మాట రాయడానికి రావట్లేదు. పోసింది నాన్న.

కంపెనీ వాళ్ళొచ్చిన రోజు పొద్దున నేను తొట్టి గదిలోకి వెళ్ళేసరికి అమోనియా ఘాటు గుప్పుమంది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, సీసా మూతతో కొలిచి రెండు మూతలు పోసి, కర్రతెడ్డుతో ఎంతో శ్రద్ధగా కలుపుతున్నారు. ఆయన ముక్కు ఎప్పుడో పోయింది, మనం గమనించలేదు. గుమ్మంలో నన్ను చూసి నవ్వి, చెల్లాయ్, గిన్నెలు పేర్చావా అని అడిగారు. తమ్ముడూ, ఆయన చూపులో నేను లేను. నాకు ఏం చెయ్యాలో తోచక, పేర్చానన్నయ్యా అన్నాను. సీసా మెల్లిగా చేతిలోంచి తీసుకుని, కనపడకూడదని నా సొరుగులో పెట్టాను. అంతలోనే ఆయనకి తెలివొచ్చింది. నా మొహం చూశారు, తొట్టి చూశారు, తన చేతులు చూసుకున్నారు. నేనేమైనా పాడుచేశానా అమ్మా అని అడిగారు. చిన్నపిల్లాడిలా అడిగారు. లేదు నాన్నా అన్నాను. మర్నాడు నువ్వు సీసా తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు ఆయన తొక్క తీయడం ఆపి మళ్ళీ తన చేతులే చూసుకోబోయారు. అందుకే ఆ ఒక్క ప్రశ్న కూడా పడనివ్వలేదు.

నీకు చెప్పకపోవడానికి కారణం, నీమీద నాకు నమ్మకం లేకపోవడమే. చెబితే ఆయన్ని షెడ్డు గడప తొక్కనివ్వవని భయపడ్డాను. ఆ షెడ్డు లేకపోతే ఆయన లేరు. పోయిన వారం పిన్ని ఫోన్ చేసి, తొట్టి గదిలో మళ్ళీ ఆ ఘాటు వస్తోంది, అబ్బాయితో చెప్పనా అని గుసగుసగా అడిగింది. నోరెత్తొద్దని నేనే అన్నాను. నామీద పడితే మోశాను, ఇప్పుడది ఆవిడ మీద పడుతోంది. పైగా నువ్వు, ఎవరి చేతికి తాళం ఇచ్చావో చూడు. నిండా స్పిరిట్ ఉన్న తొట్టి, పక్కనే కరెంటు మీట, లోపల ఒంటరిగా ఆయన. ఈ ఉత్తరం అందిన వెంటనే మీటకి వేరే తాళం వెయ్యి. తాళంచెవి పిన్నికివ్వు. నాన్న గదిలో ఉన్నంతసేపూ ఆవిడ కూడా అక్కడే కూర్చుని కొక్కేలు వంచుకుంటుంది. మంచి డాక్టర్ని చూడు, నేనూ సెలవు పెట్టి వస్తాను.

ఇంకొక్క పని. ఆ అమోనియా సీసా ఖాళీ చేసి, బాగా కడిగి, ఆరబెట్టి, అందులో మన తొట్టిలో వాడే స్పిరిటే పోసి, ఎక్కడిది అక్కడే పెట్టు. నీళ్ళు పోసేవు, పూతకి పొక్కులొస్తాయి. రెండు మూతలు కాదు, నాలుగు పోసుకోనీ ఆయన్ని, కలుపుకోనీ. నువ్వు మాత్రం రోజూ రేకుముక్క ముంచి చూసుకో.

ఏదో ఒకరోజు ఆయన నిన్నూ అడుగుతారు, నేనేమైనా పాడుచేశానా నాయనా అని. లేదు నాన్నా అను. నేను అబద్ధం చెప్పాల్సి వచ్చింది. నీకు ఆ అవసరం కూడా లేకుండా చేశాను.